చంద్రముఖి మాటాడిన తెలుగు

ఒక కథ మనసునకు నచ్చినచో దాని తరువాయి కథ కావలెనని కోరుట లోకసహజము. తరువాయి కథ వచ్చిన పిమ్మట తొలికథయే మేలని నిట్టూర్చుటయు అంతియే సహజము. 2023 సెప్టెంబరు 28వ తేదీన విడుదలయైన 'చంద్రముఖి 2' చిత్రము విషయమున జరిగినది ఇదియే. పదునెనిమిదేండ్లు వేచియుండిన అభిమానులు ఉత్సాహముతో పోయి, పలువురు పెదవి విరిచి వచ్చిరి. ఆ పెదవి విరుపునకు కారణమేమో విచారింపదలచితిమి. దయ్యముల హాస్యచిత్రమును గూర్చి ఇంత విచారణ యేల యని కొందరు తలపవచ్చును. కాని ఆ దయ్యము కన్నడిగుల ఇంటను, తమిళుల ఇంటను తెలుగు మాటాడినది. ఇతర భాషల నడుమ తరతరములుగా కాపురముండి తెలుగు మాటాడుచున్న మనకు ఇది చిన్న విషయము కాదు.

ముందుగా ఈ చిత్రముల వంశవృక్షమును చెప్పుకొందము. మూలము మలయాళము. 1993లో ఫాజిల్ దర్శకత్వమున, మధు ముట్టం రచనతో 'మణిచిత్రతాళు' వెలువడెను. అందు గంగ పాత్రను ధరించిన శోభనకు ఉత్తమ నటిగా జాతీయ పురస్కారము లభించెను. పి. వాసు దానిని 2004లో కన్నడమున 'ఆప్తమిత్ర'గా తీసిరి. అందు నటించిన సౌందర్య ఆ చిత్రము విడుదలకు ముందే, ఆ యేటి ఏప్రిల్ నెలలో, విమాన ప్రమాదమున మరణించిరి. 2005 ఏప్రిల్ 14న అదే దర్శకుడు రజనీకాంత్, జ్యోతికలతో తమిళమున 'చంద్రముఖి'ని వెలువరించిరి. అది చెన్నపట్టణపు శాంతి థియేటరులో 800 దినములకు మించి ఆడినది. 2007లో ప్రియదర్శన్ చేతిమీదుగా ఆ కథయే హిందీలో 'భూల్ భులయ్యా' అయ్యెను. 2010లో కన్నడమున 'ఆప్తరక్షక' వచ్చెను; అది విష్ణువర్ధనుని కడపటి చిత్రము. దాని ననుసరించి ఆ యేడే తెలుగున వెంకటేశ్ కథానాయకుడుగా 'నాగవల్లి' వచ్చెను. హిందీలో 2022లో రెండవ భాగమును, 2024లో మూడవ భాగమును వెలువడినవి. కావున కోలారులోని వారును, మధురలోని వారును, షోలాపురములోని వారును ఈ కథను ఏదో యొక రూపమున చూచియే యుందురు.

ఇక అభిమానుల మాటలు. వీనిని మూడు తెగలుగా విభజింపవచ్చును. మొదటి తెగవారు నటులను పోల్చుచున్నారు. రజనీకాంత్ నిలిచిన చోట రాఘవ లారెన్స్ నిలువజాలలేదనియు, జ్యోతిక కన్నులలోని భయంకరత్వము కంగనా రనౌత్‌కు అబ్బలేదనియు, వడివేలు తిరిగి వచ్చినను ఆ తొలినాటి నవ్వు తిరిగి రాలేదనియు వీరి ఆక్షేపణ. రెండవ తెగవారు కథను పట్టుకొనుచున్నారు. తొలి చిత్రమున దయ్యము కలదో లేదో యని చివరివరకు సందేహించితిమే, ఇందు ఆ సందేహమునకు తావే లేదే యని వీరి బాధ. మూడవ తెగవారు శాంతస్వభావులు. పిల్లలతో పోయి, కొంత జడిసి, కొంత నవ్వి వచ్చితిమి. పోలిక లెందులకు అని వీరు ప్రశ్నించుచున్నారు.

మూడవ తెగవారిని మేము తక్కువగా చూడము. ఇంటిల్లిపాదియు కలిసి కూర్చుండి నవ్వగల చిత్రములు అరుదగుచున్న దినములలో వారి కోరిక న్యాయమైనదే. అయినను ఒక మాట చెప్పవలసియున్నది. వారు నవ్వి వచ్చిన చిత్రమునకు 'చంద్రముఖి' యను పేరు పెట్టినవారు, ఆ పేరు మోసికొనివచ్చు జ్ఞాపకములను కూడ టిక్కెట్టుతో పాటు అమ్మిరి. పాతసరకు పేరు చెప్పి క్రొత్తసరకు నమ్మిన వర్తకుని, పాతదానితో పోల్చి చూడవలదని చెప్పుట ఎట్లు?

మొదటి తెగవారితో మేము పూర్తిగా ఏకీభవింపజాలము. నటుల లోపమే కారణమైనచో, మంచి నటులను తెచ్చినంతనే చిత్రము బాగుపడవలెను గదా! 'చంద్రముఖి 2'కు సంగీతము కూర్చినవారు, అదే 2023లో ఆస్కారు పురస్కారము నందుకొనిన కీరవాణిగారు. వడివేలు హాస్యమునకు తమిళనాట ఇంటింట ఆదరణ కలదు. దర్శకుడు తొలి చిత్రమును తీసిన వాసుయే. వంటవాడు మారలేదు, దినుసులకు కొదువ లేదు, అయినను రుచి మారినది. అట్లయినచో మారినది వంటకమే అయియుండవలెను.

తొలి కథలోని వంటకమేమో చూతము. ఒక పాలకుడు పరదేశపు నర్తకిని తెచ్చి తన మేడలో నిలిపెను. ఆమె వేరొకని వలచినదని తెలిసి ఆ ఇరువురిని చంపెను. తరతరములు గడచినవి. మూసిన ఆ గది తాళమును గంగ యను ఇల్లాలు తీయించును. నర్తకి నగలు, చీరలు, చిత్తరువు చూచుచు, ఆమె కథ వినుచు, మెల్లమెల్లగా తానే ఆ నర్తకి నని తలపసాగును. ఆమెను దయ్యము పట్టలేదు. ఆమె మనసునకు తగిలిన గాయమే నర్తకి రూపమును ధరించెను. ఆ సంగతి గ్రహించిన మనోవైద్యుడు మంత్రగాని సాయముతోనే, పగ తీరినదని ఆమె నమ్మునట్లు చేసి, ఒక బొమ్మను బలియిప్పించి, ఆమెను కాపాడును. శాస్త్రము నమ్మకమును వెక్కిరింపక దాని చేయి పట్టుకొని నడచిన కథ యిది.

ఇందు హాస్యమునకు కూడ నిర్దిష్టమైన పని కలదు. భయస్తులగు మామలును, బావలును చీకటిలో పరుగులెత్తుచుండగా మనము నవ్వుచుందుము. ఆ నవ్వులో నుండగనే అసలు రోగి యెవరో మనకు తెలియకుండ దాగియుండును. ఇంటివారందరును దయ్యమునకై వెదకుచుండగా, దుఃఖించుచున్న మనిషి వారి నడుమనే తిరుగుచుండును. నవ్వు ఆ మనిషిని మరుగుపరచు తెర. తెర తొలగిన క్షణమున, ఇంతసేపు నవ్వితిమే యని మనకే సిగ్గు కలుగును. ఇట్టి నవ్వును సాధించిన చిత్రములు మిక్కిలి తక్కువ.

'చంద్రముఖి 2'లో ఒక సంపన్న కుటుంబము కులదైవ పూజకై వచ్చి ఆ మేడలోనే దిగును. ఆ యింటి పడుచును చంద్రముఖి నిజముగనే ఆవహించును. పాలకుని ఆత్మయు వచ్చి చేరును. రెండు ఆత్మలకును పోరాటము. దయ్యము నిజమైన దగుటచే రోగి లేదు; రోగి లేనందున వైద్యుడు లేడు; దాచవలసిన దుఃఖము లేనందున హాస్యము దేనికిని తెర కాలేదు. నవ్వు ఒక ప్రక్కను, భయము వేరొక ప్రక్కను కూర్చుండినవి. రెండవ తెగ అభిమానులు పట్టుకొనినది ఈ లోపమునే. వారి మాట సత్యము.

2024 నవంబరు 1న విడుదలయైన హిందీ మూడవ భాగమునకు వచ్చిన ఆదరణయు ఈ మాటకే సాక్ష్యము. తొలి చిత్రములోని విద్యాబాలన్ పదునేడేండ్లకు తిరిగి వచ్చినదని అభిమానులు సంబరపడిరి. వారి చప్పట్లు దయ్యమునకు కావు. ఆ తొలి దుఃఖమును మోసిన ముఖమునకు.

ఇక మన విషయము. మలయాళ మూలమున నర్తకి తంజావూరు నుండి వచ్చిన తమిళ స్త్రీ. కన్నడమునకు, తమిళమునకు వచ్చునప్పటికి ఆమె తెలుగు స్త్రీ అయ్యెను. హిందీలో వంగదేశపు స్త్రీ అయ్యెను. ప్రతి ఇంటివారును తమ దయ్యమునకు తమ భాష నీయక, పొరుగువారి భాష నిచ్చిరి. తమిళ ప్రేక్షకులు జ్యోతిక నోట తెలుగు మాట విని జడిసిరి. భువనచంద్రగారు వ్రాసిన తెలుగు పాటను విని పరవశులైరి. తెలుగు తెలియని పిల్లలును ఆ పాటను నేర్చి పాడిరి.

దీనికి మనము సంతసింపవలెనా, నొచ్చుకొనవలెనా? ఇందుకు రెండు విధముల సమాధానము చెప్పువారు కలరు. మన భాష తమిళనాట ఇంటింట మ్రోగినదని కొందరు పొంగిపోవుదురు. మన భాషను దయ్యపు భాషగా చేసిరని మరికొందరు చిన్నబుచ్చుకొందురు. మా తీర్పు వేరు. తొలి కథలో తప్పు చేసినది పరభాషా స్త్రీ కాదు. ఆమెను బలిమిని తెచ్చి చంపిన ఆ ఇంటి యజమాని. ఆమె భాష వినబడినప్పుడెల్ల ఆ ఇంటి పాపము ఆ ఇంటికి గుర్తునకు వచ్చును. ఆ నర్తకి నోట తెలుగు బెదరింపు కాదు, సాక్ష్యము. కావున ఆ పాత్ర వలన మన భాషకు అగౌరవము కలుగలేదని మేము తలచుచున్నాము. రెండవ భాగమున ఆ భాష సాక్ష్యము చెప్పుట మాని, పోరాటములో కేక యగుట మాత్రము మమ్ము నొప్పించినది.

తెలుగు నర్తకి తమిళదేశపు మేడలో నుండుట కల్పనలో కూడ వింత కాదు. పదునేడవ శతాబ్దమున తంజావూరు నాయకరాజుల కొలువు తెలుగు కొలువు. రఘునాథనాయకుడు తెలుగు కవి. విజయరాఘవనాయకుని ఆస్థానమున రంగాజమ్మ తెలుగున కావ్యములు రచించెను. క్షేత్రయ్య పదములకు అచట ఆదరము లభించెను. పిమ్మట వచ్చిన మరాఠా రాజుల కాలమునను తెలుగు చెదరలేదు. తిరువయ్యారున త్యాగరాజస్వామి కృతులు తెలుగువే. మేలట్టూరున భాగవతమేళ నాటకములు నేటికిని తెలుగుననే ఆడుచున్నారు. నట్టువాంగము చేతబట్టిన తమిళ గురువులు తెలుగు పదములకును, వర్ణములకును అభినయము నేర్పిరి. మలయాళ మూలములోని తంజావూరు నర్తకి నిజముగ నుండియున్నచో, ఆమె నేర్చిన పదములలో తెలుగు పదములును ఉండియే యుండును. తెలిసియో తెలియకయో, కన్నడ తమిళ చిత్రములు ఆమె నోట తెలుగు నుంచి, చరిత్రకు దగ్గరగా జరిగినవి.

అయితే మనము కూడ ఒక చేతనైన పని చేసితిమి. తమిళ 'చంద్రముఖి' తెలుగునకు అనువదింపబడినప్పుడు, ఆ నర్తకి పాట తమిళమయ్యెను! తెలుగువారి ఇంట దయ్యము తెలుగు మాటాడినచో భయమెక్కడిదని అనువాదకులు తలచియుందురు. పొరుగువారు మనకు చేసిన దానిని మనము పొరుగువారికి చేసితిమి. కావున ఎవరిని నిందించుటకు తావు లేదు. తన ఇంటిలోని భయమునకును, మోహమునకును పొరుగు భాషను అరువు తెచ్చుకొనుట అందరికిని ఉన్న అలవాటు. పొరుగువారి సంగీతమును ప్రేమించుట, పొరుగువారి మాటకు జంకుట — ఈ రెండును ఒకే గుండెలో కాపురముండును. ఈ నిజమును ఆ తొలి కథ ఏ ఉపన్యాసము లేకుండ చూపినది.

అభిమానులకు మేము చెప్పదలచినది ఇంతియే. మరియొక భాగము వచ్చినచో, నటుడెవరని అడుగుటకు ముందు, ఆ మేడలో దుఃఖించుచున్నది ఎవరని అడుగుడు. దానికి సమాధానము దొరకినచో నవ్వును, భయమును వానంతట అవే వచ్చును. దొరకనిచో ఎంత గొప్పవారు నటించినను అది పాత గజ్జెల చప్పుడే యగును.

మన కుటుంబములకు వేరొక మాట. ఆ మేడలో నర్తకి భాష ఒక తాళము వేసిన గదిలో నుండెను. ఎవరో తాళము తీసిన దినమున మాత్రమే అది పలికినది. ఉగాదినాడును, పెండ్లి శుభలేఖలోను, సంఘ వార్షికోత్సవమునను మాత్రమే తెలుగు పలుకు ఇండ్లు మనలో హెచ్చుచున్నవి. వీధిలోని భాషను గౌరవించి నేర్తము. అది మనకు అన్నము పెట్టుచున్న భాష. కాని తెలుగును మూసిన గదిలో నుంచవలదు. వంటయింటను, పిల్లల చదువు బల్లకడను, అమ్మమ్మ మంచము ప్రక్కను ప్రతి దినము పలుకుచున్న భాష ఎవరికిని దయ్యము కానేరదు.