మైకు వినని వైపు

వినాయక చవితి పందిట్లో ఆర్కెస్ట్రా మొదలైన కాసేపటికే మైకు కీచుమంటే, జనమంతా మిక్సర్ దగ్గర కూర్చున్న కుర్రాడి వైపు చూస్తారు. చాలాసార్లు తప్పు అతనిది కాదు. ఆ స్టేజీకీ ఆ గొంతుకీ నప్పని మైకు తెచ్చిపెట్టినప్పుడు అతను ఎన్ని నాబ్‌లు తిప్పినా లాభం ఉండదు. మైకు కొనడానికి వెళ్లినవాళ్లు మొదట అడిగేది 'క్లారిటీ ఎలా ఉంటుంది?' అని. బ్యాండుతో పాడేవాళ్లు అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఈ మైకు ఏ వైపు నుంచి వచ్చే శబ్దాన్ని పట్టించుకోదు?

స్టేజీ మీద ఒకసారి నిలబడి చూడండి. వెనక డ్రమ్స్, పక్కన కీబోర్డు స్పీకరు, కాళ్ల దగ్గర గాయకుడికి తన గొంతు వినిపించే మానిటరు. గాయకుడి గొంతు మానిటర్లోంచి వచ్చి మళ్లీ మైకులో పడుతుంది, మిక్సర్‌కు వెళ్లి మళ్లీ మానిటర్లోకే వస్తుంది. ఇలా తిరిగొచ్చిన శబ్దం మొదట పుట్టినంత బలంగా ఉందంటే ఇక అది ఆగదు, కూతగా మారుతుంది. ఫీడ్‌బ్యాక్ అంటే ఇదే. అందుకే మానిటర్ ఉన్న దిక్కును వినని మైకు కావాలి.

అలాంటి మైకు చేతికందడానికి చాలా ఏళ్లు పట్టింది. ఒకప్పుడు ఒక వైపు శబ్దాన్నే పట్టే మైకు కావాలంటే శబ్దాన్ని పట్టే భాగాలు, అంటే ఎలిమెంట్లు, రెండు రకాలవి ఒకే డబ్బాలో కూర్చేవాళ్లు. 1939లో షూర్ కంపెనీ ఇంజనీరు బెంజమిన్ బావర్ ఒక్క ఎలిమెంటుతోనే ఆ పని సాధించాడు. వెనక నుంచి వచ్చే శబ్దాన్ని కొంచెం ఆలస్యం చేసి, మైకులో శబ్దానికి కదిలే పొర రెండు పక్కలకూ ఒకేసారి చేరేలా దారి పెడితే అది తనను తానే రద్దు చేసుకుంటుంది. యూనిడైన్ అన్న ఆ మైకు వంశంలోనే 1966లో ఎస్ఎం58 వచ్చింది. ఎస్ఎం అంటే స్టూడియో మైక్రోఫోన్. స్టూడియో కోసం చేసిన ఆ మైకు చివరికి స్టేజీల మీదే స్థిరపడింది.

ఎస్ఎం58 కార్డియాయిడ్ రకం. ఎదుటి గొంతును బాగా పడుతుంది, పక్కల నుంచి వచ్చేదాన్ని దాదాపు 6 డెసిబెల్స్ తగ్గించి వింటుంది, సరిగ్గా వెనక తోక వైపు నుంచి వచ్చేదాన్ని అన్నిటికన్నా తక్కువగా వింటుంది. కాబట్టి మానిటరు గాయకుడికి తిన్నగా ఎదురుగా, మైకు తోక చూసే వైపు ఉండాలి. బీటా 58ఏ, సెన్‌హైజర్ ఈ945 లాంటివి సూపర్ కార్డియాయిడ్. ఇవి పక్కల శబ్దాన్ని ఇంకా గట్టిగా ఆపుతాయి కానీ సరిగ్గా వెనక నుంచి కొంత వింటాయి. వీటికి వినపడని చోటు ముందు నుంచి సుమారు 126 డిగ్రీల దగ్గర, వెనక రెండు మూలల్లో ఉంటుంది. ఎదురుగా ఒకే మానిటరు పెట్టుకునే బృందం ఖరీదెక్కువని సూపర్ కార్డియాయిడ్ కొంటే, పాత మైకుతో లేని కూత కొత్తదానితో వస్తుంది. రెండు మానిటర్లను అటూ ఇటూ ఏటవాలుగా జరిపి పెడితే అదే మైకు ఎంత హాయిగా పనిచేస్తుందో! మైకునూ మానిటరునూ విడివిడిగా ఎంచుకోకూడదని నేను గట్టిగా అంటాను.

తర్వాత గొంతు సంగతి. ఒక వైపు శబ్దాన్నే పట్టే ఈ రకం మైకులన్నీ పెదాలకు దగ్గరయ్యేకొద్దీ మంద్ర ధ్వనిని పెంచి చూపిస్తాయి. పలచని గొంతుకు ఇది వరం. అసలే బరువైన గొంతుకు మాత్రం మాట ముద్దయిపోతుంది, సాహిత్యం వెనక వరసల వాళ్లకు అందదు. ఎస్ఎం58లో మాట తేటగా వినిపించడానికి పై ధ్వనుల్ని కొంత లేపి ఉంచారు. డ్రమ్స్ మధ్య అది బాగా ఆదుకుంటుంది. అయితే తారస్థాయిలో పాడే గాయనికి 'స', 'ష' అక్షరాలు చెవిలో గుచ్చుకోవచ్చు. అప్పుడు వేరే మైకు ప్రయత్నించి చూడాల్సిందే. న్యూమన్ కేఎంఎస్105 లాంటి కండెన్సర్ మైకులు గొంతులోని సన్నని గమకాన్నీ ఊపిరినీ చక్కగా చూపిస్తాయి. వాటికి మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. చిన్న స్టేజీ మీద వెనకే డ్రమ్స్ ఉంటే తాళాల చప్పుడూ అంతే చక్కగా వచ్చి పడుతుంది. కచేరీకి, గజల్‌కు కండెన్సర్ బాగుంటుంది. పందిరి ఆర్కెస్ట్రాకు ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకే నమ్మకం.

షాపులో 'హలో, మైక్ టెస్టింగ్' అంటే తెలిసేది చాలా తక్కువ. రెండు మూడు మైకులు అడిగి తెచ్చుకుని రిహార్సల్లో మొత్తం బ్యాండుతో పాడి చూడాలి. ఒక పాట పల్లవి తక్కువ శ్రుతిలో, మరో పాట చరణం పై శ్రుతిలో పాడాలి. 'ప', 'భ', 'ఫ' ఉన్న మాటల దగ్గర టప్‌మని గాలి కొడుతోందా వినాలి. తర్వాత గాయకుడు ఊరుకుని డ్రమ్స్ ఒక్కటే వాయిస్తుంటే ఆ మైకులోకి ఏం వస్తోందో హెడ్‌ఫోన్‌లో వినాలి. ఈ చివరి పరీక్ష చాలామంది చేయరు. నా దృష్టిలో అన్నిటికన్నా నిజం చెప్పేది అదే.

ఎంత మంచి మైకైనా పట్టుకునే తీరు తప్పితే దాని గుణం పోతుంది. మైకు తలను గుప్పిట్లో మూసి పాడటం ఇప్పుడొక స్టైలైంది. శబ్దాన్ని రద్దు చేసే వెనక దారులు ఆ తల కిందే ఉంటాయి. అరచెయ్యి వాటిని మూసేస్తే మైకు అన్ని వైపులా వింటుంది, వెంటనే కూస్తుంది. ఇంటర్లూడ్‌లో చెయ్యి కిందికి వాల్చినా అంతే, మైకు ముఖం తిన్నగా మానిటరును చూస్తుంది. పాట లేనప్పుడు మైకును ఛాతీ దగ్గరే నిలువుగా పట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. గొంతు పెంచేటప్పుడు మైకును దూరం జరిపేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: దూరం రెట్టింపైతే ధ్వని 6 డెసిబెల్స్ దాకా పడిపోతుంది. రెండు మూడు వేళ్ల ఎడం చాలు.

బజారులో ఎస్ఎం58 నకళ్లు విచ్చలవిడిగా దొరుకుతాయి కనుక గుర్తింపు ఉన్న డీలరు దగ్గర బిల్లుతో కొనండి. స్విచ్ లేని మైకైతే పాట మధ్యలో పొరపాటున వేలు తగిలి గొంతు ఆగిపోయే భయం ఉండదు. ఇక మైకు తల మీది జాలీ శుభ్రం. నాలుగు ప్రోగ్రాములకోసారి దాన్ని మరతిప్పి విడదీసి, గోరువెచ్చని సబ్బునీళ్లలో మెత్తని బ్రష్‌తో కడిగి, లోపలి స్పాంజి పూర్తిగా ఆరాకే బిగించాలి. ఆ లోపల కనిపించే పొర ఉన్న భాగానికి మాత్రం చుక్క నీరు తగలనివ్వకూడదు.