చిలుము క్రింది పేరు

వృద్ధ గౌతమీ తీరమున, వీరేశ్వరస్వామికి నిత్యకల్యాణము జరుగు మురమళ్ళలోనే కాదు, కోనసీమ లోగిళ్ళన్నింటను ఒకప్పుడు నీళ్ళబిందె, గంగాళము, గుండిగ, మరచెంబు, తాంబాళము, దీపపుకుందె సమస్తమును ఇత్తడియే. పెండ్లికూతురు సారెతో అత్తవారింట అడుగిడునాటికి ఆ పాత్రలపై ఇచ్చినవారి పేరును, ఒక్కొక్కప్పుడు తేదియు, సన్నని ఉలితో చుక్కలు చుక్కలుగా చెక్కించెడివారు. స్టీలు వచ్చిన పిమ్మట బరువైన బిందెలు అటకలెక్కినవి. అటకలే లేని యిండ్లు వచ్చిన పిమ్మట పాతసామానుల కొట్లకు దిగినవి. అక్కడ ఇత్తడిని కిలోల లెక్కన కొందురు గాని, పనితనమును గాని, పేరును గాని త్రాసులో వేయరు.

అట్టి యొక కొట్టులో, తుప్పుపట్టిన సైకిలు చక్రముల నడుమ నాకు దొరకిన చెంబు పైన నల్లగా, అడుగున పచ్చగా ఉండి, ఏ లోహమో తెలియరాకుండెను. అయస్కాంతము అంటుకొన్నచో లోపల ఇనుమేయని తలపవలెను. అంటనిచో, అడుగున కంటికానని చోట ఆకురాయితో సన్నని గీత గీచినంతనే, ఇత్తడి గాని కంచు గాని అయినచో, పసుపువన్నె బయటపడును. వ్రేలితో మీటియు వినవలెను: కంచు చాలసేపు మ్రోగును, ఇత్తడినాదము త్వరగా అణగిపోవును. రాగియు తుత్తునాగమును కలిసినది ఇత్తడి. రాగియు తగరమును కలిసినది కంచు.

పైనున్న నలుపు, గాలిలోని ప్రాణవాయువుతోను గంధకపు ఆవిరులతోను లోహము కలియుటవలన ఏర్పడిన పలుచని పొర. పచ్చనిది చిలుము; తేమయు, పులుపును, సముద్రపుగాలి మోసికొనివచ్చు ఉప్పును దానిని పెంచును. చిలుము విషపదార్థము గనుక తోముటకు ముందు దానిని తడిపి తీయవలెనే గాని, పొడిగా రాల్చి పీల్చరాదు.

తొందరపడువారు మొదటనే చింతపండు పట్టింతురు. అది పొరపాటు. ఏండ్లతరబడి నూనెతో మాగిన కుందెపై జిడ్డు ఉన్నంతసేపు పులుపు లోహమును చేరజాలదు. ముందుగా వేడినీటిలో కుంకుడురసము కలిపి నానవేయవలెను. మొండిజిడ్డునకు కట్టెలబూడిద తేర్చిన నీరు మేలు, ఏలన బూడిదలోని క్షారము నూనెను విరుచును. పిమ్మట పాత చింతపండు గుజ్జును, కల్లుప్పును కలిపి పూయవలెను. చింతపండులోని ఆమ్లము నల్లపొరను కరగించుచుండగా ఉప్పు ఆ పనికి తోడ్పడును. చూచుచుండగనే నలుపు వీడి పసుపు తొంగిచూచు ఆ క్షణము ఈ పనియంతటిలో నాకు మిక్కిలి ప్రియమైనది.

“నానబెట్టి మరచిపోకురా, ఇత్తడి ఎర్రబడుతుంది” అని మా అమ్మ హెచ్చరించెడిది. ఆమె మాట అక్షరసత్యము. పులుపులో గంటలకొలది నానిన ఇత్తడినుండి తుత్తునాగము ముందుగా కరగిపోగా, పైన రాగివన్నె మిగులును. అప్పుడది శుభ్రపడినట్లు కాదు, గాయపడినట్లు. కొద్ది నిమిషములు చాలును. చాలనిచో కడిగి మరల పూయవచ్చును.

తోముటకు కోనసీమలో కొరతలేని సాధనము కొబ్బరిపీచు. ఇటుకపొడిని వస్త్రగాళితము చేసి, అనగా పలుచని గుడ్డతో జల్లించి, తడిపీచుపై అద్దుకొని, పాత్రకు తరిమెన పట్టినపుడు చుట్టును పడిన సన్నని గీతల వెంబడినే చేయి నడపవలెను. అడ్డముగా రుద్దిన చాళ్ళు మెరుపులో కొట్టవచ్చినట్లు కనిపించును. పేరు చెక్కిన తావునకు ఇటుకపొడి కూడదు, మెత్తని బూడిదయే తగును. ఇనుపపీచు, ఉప్పుకాగితము దరికి రానీయరాదు. నగిషీ లోతులలోని నలుపును పూర్తిగా తీయకుండుటయే మంచిదని నా అభిప్రాయము. ఆ నీడ లేనిదే చిత్తరువు కంటికానదు.

పలుమారులు మంచినీట కడిగి, తడి ఆరకమునుపే పొడిగుడ్డతో తుడిచి, ఎండలో పెట్టవలెను. ఇంత చేసినను కొన్ని పాత్రలపై పచ్చనిపొడి మరల మరల పుట్టుచుండును. లోహపు రంధ్రములలో ఉప్పు నిలిచియుండుటయే కారణము. అట్టివానిని స్వచ్ఛమైన నీటిలో దినములతరబడి, నీరు మార్చుచు నానవేయవలెను. అలంకారమునకుంచు పాత్రకు పలుచగా కొబ్బరినూనె రాసిన చాలును. వంటకు వాడదలచినచో లోపల కళాయి తప్పనిసరి: పాత్రను కాల్చి, నవాసాగరము చల్లి, కరగిన తగరమును దూదితో పులుమువారు నేడు అరుదు. కళాయి లేని ఇత్తడిలో పులుసు కాచరాదు.

గోదావరి పాయలు దాటి తణుకు ప్రాంతమునకు పోయినచో, ఇత్తడిపనికి పేరువడ్డ అజ్జరము కలదు. శ్రీకాకుళపు సీమలో బుడితి యట్టిదే. సుమారు 900 డిగ్రీల వేడిమిలో కరగిన పాత ఇత్తడి మరల కొత్తపాత్ర కాగలదు. కావున కొట్టుకు పోయినంతమాత్రమున లోహము నశింపదు. నశించునది ఆ రూపము, ఆ పేరు.

ఆ నష్టమునకు కొలిమియే అక్కరలేదు. మునుపొకమారు నేనొక తాంబాళమును యంత్రముతో మెరుగుపెట్టింపగా అద్దమువలె వచ్చినది; అంచునున్న అక్షరములు మాత్రము తిరిగి రాలేదు. అందుచేతనే ఈ చెంబును రెండుదినములు చేతితోనే తోమితిని. రెండవనాటి సాయంకాలము మెడక్రింద చుక్కలు వరుసకట్టి ఒక స్త్రీ పేరైనవి. ఆమె ఎవరో నేనెరుగను.

మీ అటకమీద పాత ఇత్తడి ఉన్నచో, పాతసామానులవాని త్రాసులో పెట్టుటకు ముందు, దయచేసి దాని మెడక్రిందను అంచునను కొంచెము చింతపండు రుద్ది చదువుడు.