సభకు ముందే మొదలయ్యే వార్త

1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం ముందు, నల్లజాతీయుల సమాన హక్కుల కోసం జరిగిన సభలో మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడారు. రాసుకొచ్చిన పాఠంలో ‘నాకో కల ఉంది’ అన్న భాగం లేదు. గాయని మహేలియా జాక్సన్ ఆ కల సంగతి చెప్పమని కేకవేశారు. కింగ్ కాగితం వదిలి, మనసులో ఉన్నది చెప్పారు. మర్నాటి వాషింగ్టన్ పోస్ట్ మొదటి పేజీ ప్రధాన వార్తలో ఆయన పేరే లేదు. అల్లర్లు జరుగుతాయేమోనని ఎదురుచూసిన పత్రిక ప్రసంగాన్ని జారవిడుచుకుంది. ఆ వేసవిలో అక్కడ శిక్షణలో ఉన్న విద్యార్థి రాబర్ట్ కైజర్, తర్వాత అదే పత్రిక మేనేజింగ్ ఎడిటర్ అయ్యారు. యాభై ఏళ్లకు ఈ లోపాన్ని ఆయనే వ్యాసంగా రాశారు.

విలేకరి దేనికి సిద్ధపడి వెళ్తాడో అదే అతని చెవిన పడుతుంది. అందుకే జర్నలిజం విద్యార్థికి ప్రసంగ వార్త తొలి పాఠాల్లో ఒకటి.

మొదటి పని చదవడం. వక్త ఎవరు, ఇదే విషయంపై ఇంతకుముందు ఏమన్నారు, సభ ఎవరు పెట్టారు, ఇప్పుడే ఎందుకు పెట్టారు? కింగ్ తన కల గురించి అంతకు రెండు నెలల ముందే డెట్రాయిట్‌లో చెప్పారు. పాత మాట తెలిసినవారికే కొత్త మాట వినిపిస్తుంది, పాత మాటకు కొత్తగా వచ్చిన బలమూ తెలుస్తుంది. పేర్లు, హోదాలు ముందే సరిచూసుకోవాలి. ప్రసంగ పాఠం దొరికితే తీసుకోవాలి, కానీ సభలో దాన్ని పక్కన పెట్టుకుని తేడాలు గుర్తించాలి. వార్తకు ఆధారం నోట వచ్చిన మాటే.

వేదికా, జనమూ రెండూ కనిపించే చోట కూర్చోవాలి. వక్త నిమిషానికి 120 నుంచి 150 మాటలు పలుకుతారు, చెయ్యి అందులో పాతిక ముప్ఫై రాయగలిగితే గొప్ప. కాబట్టి అంతా రాయబోకుండా ముఖ్యమైన వాక్యాన్ని పూర్తిగా రాసి, పక్కన సమయం వేసుకుంటే రికార్డింగ్‌లో వెతకడం తేలిక. తెలుగులో క్రియ చివర వస్తుంది. చేస్తామన్నారో, చేయలేమన్నారో తేలేదాకా కలం ఆపకూడదు. అక్షరం పొల్లుపోకుండా విన్న మాటకే కొటేషన్ గుర్తులు పెట్టాలి.

జనం ఎందరు వచ్చారన్నదానికి నిర్వాహకుల లెక్కతో సరిపెట్టుకోకూడదు. బర్కిలీలో జర్నలిజం బోధించిన హెర్బర్ట్ జేకబ్స్ 1960ల్లో ఒక పద్ధతి చెప్పారు: పలుచగా ఉంటే మనిషికి 10 చదరపు అడుగులు, కిక్కిరిస్తే నాలుగున్నర. మైదానం విస్తీర్ణాన్ని దానితో భాగిస్తే నమ్మదగిన అంచనా వస్తుంది.

సభ ముగియగానే లేచిపోకూడదు. వక్తను ఒక్క ప్రశ్నైనా అడగాలి, విన్నవాళ్లలో ఇద్దరినైనా పలకరించాలి. వక్త చెప్పిన అంకెలు సరైనవో కాదో చూడాలి. ఫలానా చోట ఫలానావారు ప్రసంగించారన్నది ఇంట్రో, అంటే వార్త మొదటి వాక్యం, కాదు. వారు చెప్పినదాంట్లో పాఠకుడి బతుకును తాకే మాట ఇంట్రో. మిగతావి ప్రాధాన్యాన్ని బట్టి కిందికి సర్దుకుంటాయి.

ఇప్పుడు ప్రసంగమంతా ఫోన్‌లో దొరుకుతుంది కదా, విలేకరి ఎందుకు అనిపించవచ్చు. గంట ప్రసంగంలో కొత్తదేది, నిజమేది, దాటవేసిందేది అని విడదీసి చెప్పే మనిషి అవసరం అందుకే పెరిగింది. సభకు రాలేని లక్షలమంది ఆ విలేకరి చెవులతోనే వింటారు. కలం పట్టబోతున్న విద్యార్థులారా, ఆ నమ్మకానికి తగినంత చదివాకే సభకు వెళ్లండి.