అడవి అంచు సంఘములలో కౌమారుల విశ్వాస పోషణ: మన యౌవన పరిచర్యపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

పదమూడు మొదలు పందొమ్మిది సంవత్సరముల ప్రాయము గలవారిని మనము "రేపటి సంఘము" అని పిలుచుచున్నాము. రేపటివారని చెప్పిన వెంటనే వారికి నేడు చేయవలసిన పని వాయిదా పడుచున్నది. ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం, దుమ్మగూడెం, చర్ల వరకు గల సంఘములలోని యౌవన పరిచర్యను ఈ వ్యాసము పరిశీలించుచున్నది. ఈ పరిచర్య పట్టణపు పిల్లవానిని దృష్టిలో ఉంచుకొని రూపొందినదనియు, అడవి అంచు పిల్లల కాలక్రమమునకు, భాషకు, ప్రశ్నలకు అది సరిపడుట లేదనియు దీని వాదన.

1. పద్ధతియు దాని మూలమును

ఆదివారము సాయంత్రపు యౌవనస్థుల కూటము, ఏడాదికొకసారి వేసవిలో రెండు మూడు దినముల శిబిరము, కీబోర్డు, అతిథి ప్రసంగీకుడు, బైబిలు క్విజ్, బహుమతులు: ఇదే మనకు తెలిసిన నమూనా. 1881లో అమెరికాలో ఫ్రాన్సిస్ క్లార్క్ ఆరంభించిన క్రిస్టియన్ ఎండీవర్ సమాజము లోకమంతటా యౌవన కూటములకు దారి చూపినది. ప్రతి సభ్యుడు కూటములో ఏదో ఒక భాగము వహించవలెననునది దాని మూలసూత్రము. మనము కూటమును ఉంచుకొని సూత్రమును విడిచిపెట్టితిమి. నేడు పిల్లలు శ్రోతలు మాత్రమే.

అయినను శిబిరమును తృణీకరించలేము. రెండు మూడు విశ్వాస కుటుంబములే ఉన్న గూడెము నుండి వచ్చిన పిల్లవాడు తాను ఒంటరి కాడని అక్కడనే తెలిసికొనుచున్నాడు. అది చిన్న మేలు కాదు.

2. లెక్కలోనికి రాని పిల్లలు

ఈ ప్రాంతపు ఆదివాసీ పిల్లలలో అనేకులు సంవత్సరములో అధిక భాగము ఆశ్రమ పాఠశాలలలో, గురుకులములలో గడుపుదురు. దసరాకు, సంక్రాంతికి, వేసవికి మాత్రమే ఇల్లు చేరుదురు. ఇంటికి వచ్చినప్పుడు పని ఎదురుచూచుచుండును: మిరప కోత, ఇప్పపువ్వు ఏరుట, ఏప్రిల్, మే నెలలలో తునికాకు సేకరణ. మన శిబిరము సరిగా తునికాకు కల్లము నడుచు దినములలోనే పెట్టబడుచున్నది. కట్టలు కట్టి కల్లమునకు చేర్చవలసిన పిల్లవాడు శిబిరమునకు ఎట్లు రాగలడు? మండల కేంద్రములలోని ఉద్యోగుల పిల్లలు, వ్యాపారుల పిల్లలు వచ్చుచున్నారు. వచ్చినవారిని లెక్కించి నివేదిక వ్రాయుచున్నాము. రానివారికి రిజిస్టరు లేదు.

2014లో ఖమ్మం జిల్లాలోని చింతూరు, కూనవరం మొదలగు మండలములు ఆంధ్రప్రదేశ్‌లో చేరినందున, ఒకే బంధువర్గపు పిల్లలు ఇప్పుడు రెండు రాష్ట్రముల సెలవుల పట్టికలతో చదువుచున్నారు. మన కార్యక్రమ పట్టికలో దీనికిని చోటు లేదు.

వసతిగృహమునకే వెళ్లి బోధించవచ్చును గదా అని కొందరందురు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడుచు విద్యాసంస్థలలో మతబోధ జరుగరాదని రాజ్యాంగము 28వ అధికరణము చెప్పుచున్నది. దీనికి దొడ్డిదారి వెదకుట సాక్ష్యము కాదు. పైగా దానియేలు మొదటి అధ్యాయము మన ఆలోచనను మరొక వైపునకు త్రిప్పుచున్నది. పరాయి భాష, మార్చబడిన పేర్లు, రాజు భోజనము: ఆ నలుగురి స్థితి వసతిగృహపు పిల్లల స్థితికి దూరమైనది కాదు. అక్కడ వారికి కాపరి లేడు. ఇంటి యొద్ద పొందిన ఉపదేశము, ఒకరికొకరి తోడు ఉన్నవి. కాబట్టి జూన్ నెలలో పెట్టె సర్దుకొని వెళ్లు పిల్లవాని చేతికి సంఘము ఏమి ఇచ్చి పంపుచున్నదనునదే అసలు ప్రశ్న.

3. భాష

దుమ్మగూడెంలో 19వ శతాబ్దపు ద్వితీయార్ధములో కోయల మధ్య మిషను పని ఆరంభమైనది. జాన్ కెయిన్ అక్కడ దీర్ఘకాలము నివసించి కోయ భాషను అభ్యసించి దానిని గూర్చి వ్రాసెను. 2011 జనగణన ప్రకారము ఆ భాష మాటలాడువారు నాలుగు లక్షలకు పైగా ఉన్నారు. అయినను మన యౌవన కూటములలో కోయ మాట వినబడుట అరుదు. ఇంటిలో కోయ, ఆరాధనలో పాత తెలుగు బైబిలు భాష, అనేక చోట్ల బడిలో ఆంగ్లము: ఈ మూడింటి మధ్య పిల్లవాని విశ్వాసము నలుగుచున్నది. తిమోతి విశ్వాసమును పౌలు అతని అవ్వ, తల్లుల యొద్ద గుర్తించెను (2 తిమోతి 1:5). అవ్వ భాష సంఘములో విలువ లేనిదైతే ఆమె విశ్వాసమును మనుమడు ఎట్లు గౌరవించును? తప్పిపోయిన కుమారుని ఉపమానమును అవ్వకు కోయలో చెప్పగలిగిన పిల్లవాడు క్విజ్ బహుమతి పొందినవానికంటె దానిని లోతుగా గ్రహించినవాడు.

4. ప్రశ్నలు

పండ్రెండేండ్ల యేసు దేవాలయములో బోధకుల మాటలు ఆలకించుటయే గాక వారిని ప్రశ్నలడిగెను (లూకా 2:46). మన కూటములలో ప్రశ్న అడుగు సమయము లేదు. మేడారం జాతరకు బంధువులతో వెళ్లవచ్చునా? పండుమునాడు మేనమామ ఇంట భుజించవచ్చునా? "కూడదు" అను ఒక్క మాట చిన్నపిల్లవానికి చాలును, పదహారేండ్లవానికి చాలదు. కటికవాని అంగడి మాంసమును, అవిశ్వాసి ఇంటి విందును, దయ్యముల బల్లను పౌలు వేరువేరుగా చర్చించెను (1 కొరింథీ 10). ఆ వివేచనను పిల్లలకు నేర్పవలెను. నేర్పనియెడల వారు రహస్యముగా వెళ్లుదురు, లేక తమ జనులనే తృణీకరించుదురు. రెండును విశ్వాసమునకు హాని.

5. దోర్నకల్ పాఠము

1912లో దోర్నకల్ మొదటి బిషప్పుగా అభిషేకము పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, బాప్తిస్మము పొందినవారు తలపై చేయి ఉంచుకొని సువార్త చెప్పు బాధ్యతను తమపై వేసికొనునట్లు చేసెను. ఉపదేశకులతో పాటు వారి భార్యలకును తర్ఫీదునిచ్చెను. విశ్వాసి శ్రోత కాడు, సాక్షి అనునది ఆ పద్ధతి బలము. గ్రామములోనే నివసించు ఉపదేశకునిపై ఆధారపడుట దాని పరిమితి. ఒక్క కాపరి అనేక గూడెములను చూచు నేటి స్థితిలో దానిని యథాతథముగా తేలేము. దాని సూత్రమును తేగలము.

ముగింపు

కావున నాలుగు సూచనలు. శిబిరమును వేసవి నుండి దసరా, సంక్రాంతి సెలవులకు మార్చి చిన్నదిగా జరుపవలెను. ఒకే వసతిగృహమునకు వెళ్లు పిల్లలను ఇద్దరు ముగ్గురుగా జతపరచవలెను. ప్రతి గూడెములో ఒక పెద్ద దంపతులకు వారి బాధ్యత అప్పగించవలెను. రానివారి పేర్లను సంఘ కమిటీ ప్రతి నెల చదువవలెను. వీటికి పెద్ద వ్యయము లేదు. అయితే తన వేదికను, తన అనుకూల సమయమును కాపరి విడువవలసియున్నది. యౌవన పరిచర్యకు మనము నిజముగా చెల్లించవలసిన వెల అదే.