మూడు గంటల దోశ

అమెరికన్ డైనర్ అనగానే సినిమాలు చూసిన మనవాళ్ల కళ్ల ముందు నియాన్ దీపం, ఎర్ర రెగ్జిన్ సీట్లు, అడిగినప్పుడల్లా కప్పు నింపిపోయే కాఫీ మెదులుతాయి. హైదరాబాద్‌లో అలాంటిది ఎక్కడుందంటే చెయ్యి జూబ్లీహిల్స్ వైపు చూపిస్తుంది. అక్కడ దొరికేది దాని వేషం. దాని పుట్టుక ఎలా ఉండేదో చూడాలంటే తెల్లవారుజామున ఆబిడ్స్, నాంపల్లి వైపు రావాలి. 1872లో ప్రావిడెన్స్ అనే ఊళ్లో వాల్టర్ స్కాట్ అనే ఆయన ఒక గుర్రబ్బండి తయారు చేసుకుని, రాత్రి డ్యూటీ నడిచే పత్రికాఫీసు దగ్గర నిలబెట్టి, ఉడికించిన గుడ్లు, శాండ్‌విచ్‌లు, కాఫీ అమ్మాడు. ఊళ్లో హోటళ్లు పెందలాడే మూతపడేవి, అచ్చు యంత్రాల దగ్గర మనుషులకు మాత్రం అర్ధరాత్రి ఆకలేసేది. డైనర్ కథ అక్కడ మొదలైంది. అంటే అది మొదట బండే. చక్రాలు పోయి గోడలు రావడం, రైలు భోజనపు పెట్టెలా రూపం, పేరు మారడం తర్వాతి సంగతి. రాత్రి తిండి మీద మొదటి హక్కు మేలుకుని పనిచేసేవాడిదని ఆ పుట్టుకే చెబుతోంది. మన నగరం మాత్రం రాత్రి గురించి మాట్లాడినప్పుడల్లా హాలును తలుచుకుని బండిని మరిచిపోతోంది.

ఆబిడ్స్ పేరు ఒక దుకాణం నుంచి వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిడ్ పెట్టిన దుకాణం అది. దుకాణాల పేట కాబట్టి షట్టర్లతో పాటే నిద్రపోతుందనుకుంటాం. కానీ పక్కనే 1907 నాటి నాంపల్లి స్టేషన్ ఉంది. దాని బయట ఆటోవాళ్లు, కూలీలు, వేళ తప్పిన రైలు దిగినవాళ్లు ఉంటారు. కాస్త పైకి వెళ్తే రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ పిల్లల ఆసుపత్రి, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. జిల్లాల నుంచి రోగుల వెంట వచ్చినవాళ్లకు భోజనం వేళ డాక్టరు ఎప్పుడు పిలుస్తాడన్న దాన్ని బట్టి ఉంటుంది. మామూలుగా ఏటా జనవరి 1 నుంచి సుమారు నలభై అయిదు రోజులు నుమాయిష్ ఎగ్జిబిషన్ జనం వేరే. పత్రికల మాటకొస్తే సియాసత్ కార్యాలయం ఆబిడ్స్‌లోనే ఉంది. స్కాట్ గుర్రాన్ని ఎక్కడ ఆపాలో వెతుక్కోనక్కర్లేదు. నగరపాలక సంస్థ 2014లో తెచ్చిన అయిదు రూపాయల భోజనం గొప్ప పనే, కాకపోతే అది మధ్యాహ్నపు ఆకలిని దృష్టిలో పెట్టుకుని మొదలైంది. ఇక ఇరానీ హోటళ్లు. ఒక పౌనా చాయ్ ముందు పెట్టుకుని గంటసేపు కూర్చున్నా లేవమనని మర్యాద వాటిది. 1935 నాటి గ్రాండ్ హోటల్ ఇంకా ఉంది. కవి మఖ్దూం మొహియుద్దీన్ లాంటివాళ్లు కూర్చున్న ఓరియంట్ హోటల్ పోయింది. హాలుకు అద్దె కావాలి, మూల స్థలం కావాలి, వాటాలు పంచుకునే వారసులకు ఓపిక కావాలి. బండికి కావాల్సింది మూసి ఉన్న షట్టరు ముందు పది అడుగుల జాగా.

మొజంజాహీ మార్కెట్ దగ్గర తెల్లవారుజాము దోశలతో పేరు తెచ్చుకున్న రామ్ కీ బండి సంగతి నగరమంతటికీ తెలిసిందే. ఈ పేట పనితనం ఒక్క దోశలో చూడొచ్చు. నీళ్లు చిలకరించగానే పెనం చుర్రుమంటుంది, పుల్లల చీపురుతో ఒక్క తుడుపు తుడిస్తే పాత నూనె పోయి వేడి దిగుతుంది. పిండి పల్చగా తిరిగాక దాని మీద వెన్న ముద్ద, గరిటెడు ఉప్మా, ఉల్లి తరుగు, కారప్పొడి పడతాయి. ఇవన్నీ దోశ మీదే గరిటె వెనక్కి తిప్పి మెదిపి అంచులదాకా పరుస్తారు. ఉప్మా లోపలికి ఎందుకొచ్చిందని కొత్తగా వచ్చినవాళ్లు మొహం చిట్లించవచ్చు. దానికి జవాబు కడుపు చెబుతుంది: రాత్రంతా నిలబడినవాడికి పేపర్ దోశ ఆనదు. నిలబడి, ఒక్క చేత్తో, నాలుగు నిమిషాల్లో పూర్తయ్యే భోజనం ఇది. స్కాట్ శాండ్‌విచ్ చేసిన పనీ ఇదే.

చట్టం చూపు ఎటుందో చూడండి. 2023 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి రూ.10,000 రుసుము మీద దుకాణాలు 24 గంటలూ తెరుచుకునే వీలిచ్చింది. గుర్తింపు కార్డులు, వారపు సెలవు, రాత్రి పనికి ఆడవాళ్ల సమ్మతి, వారికి రవాణా లాంటి షరతులు పెట్టింది. మంచి షరతులే. అయినా 2024 వేసవిలో పదిన్నరకే మూయిస్తున్నారన్న గొడవ రేగితే, ఆగస్టులో ముఖ్యమంత్రి శాసనసభలో రాత్రి ఒంటిగంట దాకా అన్నారు, మద్యం దుకాణాలు మినహా. ఒంటిగంటకు మూయాలన్న లెక్క సినిమా చూసి వచ్చేవాడికి సరిపోతుంది. మూడింటికి పిండి బిందె దించే మనిషి ఆ లెక్కలోకే రాడు. అతనికి వర్తించేది 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం. ధ్రువపత్రం ఉండి, దాని షరతుల ప్రకారం అమ్ముకునేవాణ్ని పోలీసులైనా అడ్డుకోరాదని అది చెబుతోంది. ఒకే జాగాను వేళల వారీగా పంచుకునే పద్ధతి కూడా ఆ చట్టం ఊహించినదే. చట్టంలో ఉన్నది బండి దాకా వస్తే చాలు, కొత్త చట్టం అక్కర్లేదు.

రాత్రి తిరిగేవాళ్లంతా పనివాళ్లేనా అని పోలీసులు అడుగుతారు. కారు. బైకుల మీద ఊరేగే కుర్రాళ్లూ, తాగి తూలేవాళ్లూ అదే పెనం చుట్టూ చేరతారు. అయితే చీకటి షట్టర్ల వీధికన్నా బల్బు కింద పదిమంది నిలబడ్డ వీధిలో ఒంటరిగా నడిచే నర్సుకు ధైర్యం ఎక్కువ. అమెరికాలో తుఫాను వచ్చి వెళ్లాక ఏ ఊరు ఎంత దెబ్బతిందో తేల్చడానికి విపత్తు అధికారులు వాఫుల్ హౌస్ తెరిచి ఉందా అని చూసేవారు. రాత్రింబవళ్లు నడిచే ఒక తిండి దుకాణాన్ని ఊరి నాడిగా ఎంచారన్నమాట. శుభ్రత గురించిన ఫిర్యాదు ఇంకా గట్టిది. ఒకే బకెట్లో ప్లేట్లన్నీ ముంచి తీసే బండ్లు ఉన్నాయి. కానీ లాఠీ కనబడగానే పరుగెత్తాల్సిన బండి దగ్గర కుళాయి ఎవరు పెడతారు, తనిఖీ ఎవరు చేస్తారు? ఒకచోట నిలిస్తేనే రెండూ కుదురుతాయి.

నాకు పూర్తిగా జవాబు దొరకని ప్రశ్న మరొకటుంది. తినేవాడి నిద్రలేమి గురించి ఇంత మాట్లాడుతున్నాం, వండేవాడి మాటేమిటి? సాయంత్రం పిండి రుబ్బాలి, రాత్రి చట్నీ నూరాలి, మూడింటికి గ్యాస్ వెలగాలి. ఇంటిల్లిపాదీ చేస్తారు కనుక అక్కడ కార్మికుడు ఎవరో, యజమాని ఎవరో తేలదు. వారపు సెలవు షరతు హాలు గుమాస్తాను కాపాడుతుందేమో గాని ఆ ఇంటి తల్లిని కాపాడదు. ధ్రువపత్రం మీద వేళ రాసి ఇస్తే కనీసం జాగా పోతుందన్న భయంతో పండగపూట కూడా బండి తీయాల్సిన అగత్యం తగ్గవచ్చు. అంతకు మించి దాని నుంచి ఆశించలేను. పగటి దుకాణదారుకు ఇందులో పోయేదీ ఏమీ లేదు. అతను వచ్చి తాళం తీసేసరికి షట్టరు ముందు నేల కడిగి ఉంటుంది. తడి మాత్రం ఇంకా ఆరదు.