సూక్ష్మజీవికి బారసాల

వడ్డాది పక్కన పారే పెద్దేరు అడుగు నుంచి చిటికెడు నల్లబురద తీసినా అందులో బాక్టీరియాలు కోట్లలో ఉంటాయి గానీ, వాటిలో ఒకదానిని వేరుచేసి, శాస్త్రానికి ఇంతవరకు తెలియని జాతి ఇదేనని నిరూపించడానికి అదృష్టం కంటే ఓపికే ఎక్కువ కావాలి.

వెలుతురు సాయంతో బతుకుతూ కూడా ఆక్సిజన్‌ను విడుదల చేయని ఊదారంగు బాక్టీరియాల సంగతే చూడవచ్చు. పోషకద్రవం నింపిన సీసాలో కాస్త బురద వేసి, గాలిబుడగ మిగలకుండా మూత బిగించి, బల్బు వెలుగులో ఉంచితే, కొన్నాళ్లకు ఆ ద్రవం గులాబీకో ఇటుకరంగుకో తిరుగుతుంది. అప్పటికి అది ఇంకా గుంపే. కరిగించిన అగర్‌లో దానిని అంచెలంచెలుగా పలుచన చేసి, గడ్డకట్టాక విడిగా పెరిగిన ఒక్క కాలనీని ఎంచుకుని, మళ్లీ మళ్లీ అదే పని చేస్తే గానీ ఒకే రకం కణాలున్న శుద్ధ వర్ధనం చేతికి రాదు.

ఆ తరువాత పోలిక మొదలవుతుంది. ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్‌కు చెందిన 16ఎస్ ఆర్ఎన్ఏ జన్యువు, తెలిసిన జాతుల జన్యువుతో సుమారు 98.65 శాతం కంటే తక్కువగా కలిస్తే అది కొత్త జాతి కావచ్చు. అంతకు మించి కలిస్తే మొత్తం జన్యుపటాలను పోల్చి, సగటు సామ్యం 95-96 శాతానికి దిగువన ఉందో లేదో తేల్చాలి. అంకె అనుకూలంగా రాగానే పేరు వెతుక్కునే తొందర ఈ రంగంలోనూ లేకపోలేదు. కణపొరల్లోని కొవ్వులు, వర్ణకాలు, తట్టుకోగల ఉప్పు, వేడి కూడా పరీక్షించి రాసిన వర్ణనే నిలబడుతుంది. చివరగా, ఆ జాతికి ప్రామాణికమైన సజీవ నమూనాను రెండు వేర్వేరు దేశాల భాండారాల్లో భద్రపరచనిదే పేరు చెల్లదు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన సి.హెచ్. వెంకటరమణ, జేఎన్‌టీయూకు చెందిన సి.హెచ్. శశికళల బృందం ఈ దారినే నడిచి, విశాఖ తీరం నుంచి రోడోవులమ్ విశాఖపట్నమెన్స్‌ను, భీమిలి ప్రాంతపు ఆక్వా చెరువు నుంచి మారిక్రొమేషియం భీమ్లికమ్‌ను 2007లో లోకానికి పరిచయం చేసింది. అదే ఏడాది విశాఖ పోటునీటి నుంచి వర్ణించిన రోడోబాక్టర్ వినయ్‌కుమారీని, జన్యుపటాలు సరిపోల్చాక, 2019లో అదే ప్రయోగశాలల వారు ఫియోవులమ్ అనే కొత్త ప్రజాతిలోకి మార్చారు. తాము పెట్టిన ఇంటిపేరును తామే దిద్దడం చిన్న విషయం కాదు. ఇంటిపేరు మారినా వినయ్‌కుమారీ అన్న జాతినామం, భాండారాల్లోని ఆ నమూనా మారలేదు.