‘కారకం’ కర్త కాదు: కాలేయాభివృద్ధి వివరణలో ఒక పరిభాషా సమస్య

ప్రవేశిక

‘ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్’ను తెలుగులో ‘అనులేఖన కారకం’ అంటున్నారు. డి.ఎన్.ఎ.లోని సమాచారాన్ని ఆర్.ఎన్.ఎ.గా నకలు చేయడం అనులేఖనం. ఆ నకలు తీసేది ఆర్.ఎన్.ఎ. పాలిమరేజ్ అనే ఎంజైము. ఏ జన్యువుకు, ఎప్పుడు, ఎంతమేరకు నకలు తీయాలన్న నిర్ణయంలో పాల్గొనే ప్రోటీన్లు అనులేఖన కారకాలు. అయితే ‘ఫలానా కారకం కాలేయాన్ని నిర్మిస్తుంది’ అనగానే కారకం కర్తగా మారిపోతుంది. ‘మాస్టర్ రెగ్యులేటర్’ను ‘అధిపతి’ అని అనువదిస్తే ఆ భావం మరింత స్థిరపడుతుంది. కాలేయాభివృద్ధిపై జరిగిన పరిశోధనలు ఈ వాక్యనిర్మాణాన్ని సమర్థించడం లేదు.

అనివార్యత వేరు, ఆధిపత్యం వేరు

చిట్టెలుక పిండం పూర్వాహారనాళపు అంతస్త్వచంలో ఫాక్స్‌ఎ1, ఫాక్స్‌ఎ2 కారకాలు రెండింటినీ తొలగిస్తే కాలేయపు మొగ్గే ఏర్పడదని 2005లో క్లాస్ కేస్ట్‌నర్ బృందం చూపింది. ఒక్కదాన్నే తొలగిస్తే రెండవది ఆ లోటును పూరిస్తుంది. ఈ కారకాలు గట్టిగా చుట్టుకొని ఉన్న క్రోమాటిన్‌కు సైతం అతుక్కొని, ఇతర కారకాలకు చోటు కల్పించగలవు. అందుకే కెన్నెత్ జారెట్ వంటి పరిశోధకులు వీటిని ‘పయనీర్’ కారకాలన్నారు.

అయితే ఫాక్స్‌ఎ కాలేయానికే ప్రత్యేకం కాదు. ఊపిరితిత్తులు, క్లోమం రూపొందే అంతస్త్వచంలోనూ అది ఉంటుంది. కాలేయ మార్గం ఖరారు కావాలంటే పొరుగునున్న హృదయ మధ్యస్త్వచం నుంచి ఎఫ్‌జీఎఫ్ సంకేతాలు, సెప్టమ్ ట్రాన్స్‌వర్సమ్ నుంచి బీఎంపీ సంకేతాలు అందాలి. ఒకే పదం సందర్భాన్ని బట్టి వేరువేరు అర్థాలిచ్చినట్లే, ఒకే కారకం పరిసరాన్ని బట్టి వేరువేరు ఫలితాలకు తోడ్పడుతోంది.

హెచ్‌ఎన్‌ఎఫ్‌4 ఆల్ఫా విషయమూ ఇంతే. పిండ కాలేయంలో దీన్ని తొలగించినా కాలేయం ఏర్పడింది. కాని దాని కణాలు సక్రమమైన ఉపకళా కణజాలంగా అమరలేదని 2003లో స్టీఫెన్ డంకన్ బృందం చూపింది. కాలేయ కారకాలు ఒకదాని జన్యువును మరొకటి నియంత్రించుకుంటాయని, అభివృద్ధి సాగేకొద్దీ ఆ అల్లిక చిక్కబడుతుందని 2006 నాటి మరో అధ్యయనం తేల్చింది.

ఒక ప్రతివాదం

ఫైబ్రోబ్లాస్టు కణాలను కాలేయ కణాల వంటి వాటిగా మార్చిన 2011 నాటి ప్రయోగాలను ఆధిపత్యవాదానికి ఆధారంగా చూపవచ్చు. కాని సెకియా, సుజుకీల ప్రయోగంలోనూ హెచ్‌ఎన్‌ఎఫ్‌4 ఆల్ఫాకు ఏదో ఒక ఫాక్స్‌ఎ కారకం తోడు కావలసి వచ్చింది. ఇది అధిపతి ఉనికిని కాక, కలయిక బలాన్ని నిరూపిస్తోంది.

ముగింపు

వ్యాకరణంలో కారకమంటే క్రియతో అన్వయించేది. కర్త ఆరు కారకాలలో ఒకటి మాత్రమే. కరణం, అధికరణం కూడా కారకాలే. ఈ అర్థంలో ‘అనులేఖన కారకం’ లోపమున్న పదం కాదు. దాన్ని ఎప్పుడూ కర్తృస్థానంలోనే నిలపడం లోపం. ‘ఫాక్స్‌ఎ కాలేయాన్ని నిర్మిస్తుంది’ అని చదివిన విద్యార్థికి అదే కారకం ఊపిరితిత్తులలో ఎందుకుందో అర్థం కాదు. ‘ఫాక్స్‌ఎ వల్ల కాలేయ జన్యువులు అందుబాటులోకి వస్తాయి, హృదయ సంకేతాల తోడుతో ఆ కణాలు కాలేయ మార్గం పడతాయి’ అన్న వాక్యం కొంత పొడవైనా వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. శాస్త్రానువాదంలో పదాల ఎంపికతోపాటు విభక్తి ప్రత్యయాల ఎంపికనూ పరిశీలించవలసి ఉంది.